బుధవారం కొట్టిన గంట

ఆ బుధవారం పొద్దున ఆకాశం మబ్బు పట్టలేదు, తేటగానూ లేదు. వరికోతల రోజుల్లో గడ్డి కాల్చిన పొగ రాత్రికి కిందికి దిగి ఊరి మీద పరుచుకుంటుంది. పొద్దు అందులోంచే ఎర్రగా లేచింది. నేరుగా చూసినా కళ్లు మండలేదు. చర్చి తాళం తీస్తుంటే ఇనుముకు కూడా పొగవాసన ఉంది.

మా వాడ చర్చిలో గంట కొట్టేది నేను. నాకు ముందు మా బాపు కొట్టాడు. గంటకు మా దగ్గర రెండే తీర్లు. ఆదివారం ఆరాధనకైతే తాడు వదలకుండా గబగబా కొట్టాలి. చావుకైతే ఒక్క దెబ్బ కొట్టి, లోపల పది లెక్కపెట్టుకుని, ఇంకో దెబ్బ. చావు గంట వినబడితే ఎవరి పని వాళ్లు అక్కడే వదిలి వస్తారు. పొయ్యి మీది కూర పొయ్యి మీదే ఉంటుంది. తలుపులు మూయరు. పొలంలో ఉన్నవాళ్లు కొడవలి గట్టు మీద పెట్టి వస్తారు. ఎవరు పోయారని దారిలో ఒకరినొకరు అడగరు. వచ్చాకే అడుగుతారు.

ఎండాకాలం చివర మా తమ్ముడు ముత్యం కోసం అలా కొట్టాను. తెల్లవారుజామున పాలు పోసి సైకిల్ మీద వాగు దారిన వస్తుంటే ఇసుక ట్రాక్టర్ గుద్దింది. చూసింది ఒక్కడే. ముత్యం భార్య దెబోరాకు తమ్ముడు ప్రేమ్‌చంద్. అక్క ఇంటి పక్కనే చిన్న ఇల్లు వేసుకుని ఉంటాడు, రోజూ చొప్పదండిలో రైసుమిల్లుకు పోతాడు. ఆ ట్రాక్టర్ ఎవరిదో, నడిపిందెవరో పేరు పెట్టి చెప్పాడు. అదంతా నేను దరఖాస్తులో రాసిచ్చాను. ఎఫ్ఐఆర్‌లో మాత్రం గుర్తు తెలియని వాహనం అని పడింది. ఆరు నెలలు స్టేషన్‌కు తిరిగాను. ప్రేమ్‌చంద్ వాంగ్మూలం రాసుకోండి సార్ అంటే, రేపు రమ్మను అనేవాళ్లు. రేపు పోతే రాసే ఆయన ఉండేవాడు కాదు.

దెబోరా నన్ను అడిగింది ఒక్కటే.

"గా ట్రాక్టర్ పేరు కాయితం మీదికి ఎక్కాలె బావా. ముత్యాన్ని ఏం తెల్వని బండి గుద్దలే. నాకు ఇంకేం వద్దు."

మా ఊరికి ఒక పోలీసు ఉన్నాడు. ఊరికొక కానిస్టేబుల్‌ను ఇచ్చారు, పంచాయతీ గోడ మీద నీలం రంగుతో పేరూ ఫోను నంబరూ రాయించారు. మాకు వచ్చినవాడు ఓంప్రకాశ్. మరమగ్గాల మీద బతికే ఇంటి పిల్లవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి తువ్వాల అంచు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు, ఎంత మంచి నూలో తెలుసుకోవడానికి. నన్ను కాకా అంటాడు. మంచివాడు. ఇప్పటికీ అదే అంటాను.

మంగళవారం సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కాకా, రేపు పొద్దుగాల ఆరింటికి సీఐ సారు మీ వాడకే వస్తుండు. మీటింగు. పోలీసులు, ప్రజలు కలిసి మాట్లాడుకునుడు. పోరగాళ్లకు వాలీబాల్ కిట్టు, ముసలోళ్లకు దుప్పట్లు. మంది రావాలె."

"కోతలు నడుస్తున్నయి. ఆరింటికి ఇండ్లల్ల ఎవలుంటరు?"

"నువ్వు చెప్తే ఉంటరు. మంది రాకుంటే నా మీదికొస్తది."

వాడు నా తువ్వాల అంచు పట్టుకున్నాడు.

"ముత్యం కేసు సంగతి సీఐ సారుకు నువ్వే చెప్పు. పక్కన నేనుంట. సారు ఖుష్‌గుంటే గక్కడికక్కడనే ఎస్సై సారుకు చెప్తడు. ఆరు నెలల పని ఒక్క మాటతోని అయితది."

ఆ రాత్రే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ తలలూపారు. తల ఊపడం వేరు, ఉండడం వేరు.

పొద్దున ఆరుకు పది నిమిషాలు తక్కువ. చర్చి గోడకు ఫ్లెక్సీ కట్టారు. అందులో పోలీసాయన ముసలమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాడు. ముప్పై కుర్చీలు వేశారు. వచ్చింది దుప్పట్ల కోసం ముగ్గురు ముసలమ్మలు. మగవాళ్ల మోటార్‌సైకిళ్లు ఒకటొకటిగా చొప్పదండి రోడ్డు వైపు పోతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఓంప్రకాశ్ ముఖం మాడుతోంది. ఫోను వచ్చింది.

"సారు చౌరస్తా దాటిండట. గంట కొట్టు కాకా, మంది వస్తరు."

ఆదివారం గంట కొట్టాను. ఎవరూ రాలేదు. ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చి చూసి లోపలికి పోయింది. బుధవారం నాడు గబగబా మోగితే పిల్లలెవరో తాడు లాగుతున్నారనే అనుకుంటారు.

ఓంప్రకాశ్ నన్ను ఇంకేమీ అడగలేదు. ఇంకో తీరు ఉందని వాడికి తెలియదు. "ముత్యం సంగతి యాదికుంచుకో కాకా" అన్నాడు, అంతే.

ఒక్క దెబ్బ కొట్టాను. పది లెక్కపెట్టాను. ఇంకో దెబ్బ.

మూడో దెబ్బకు రోడ్డు మీద చప్పుడు ఆగింది. నాలుగో దెబ్బకు అది మళ్లీ మొదలై ఊరి వైపు తిరిగింది. ముప్పై దెబ్బలు కొట్టేసరికి వాడంతా నా ముందు ఉంది. చేతులకు పిండి ఉన్న ఆడవాళ్లు, బురద కాళ్లతో మగవాళ్లు. పోయిన మోటార్‌సైకిళ్లన్నీ తిరిగొచ్చి చర్చి ముందు ఆగాయి. ప్రేమ్‌చంద్ సగం దారి నుంచి మర్లి వచ్చాడు. రెండేళ్లుగా మంచం మీదున్న లింగవ్వ గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"ఎవలు పోయిండ్రు రా?" అంది.

ప్రేమ్‌చంద్ ఆమెను చూసి ఊపిరి వదిలాడు. "నువ్వే అనుకొని మర్లొచ్చిన అవ్వా."

"నేను పోయే దినం ముందుగాల చెప్పి పోత తియ్. ఉత్తగ మిల్లు పని ఖరాబ్ చేసుకోకు."

నలుగురు నవ్వారు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు.

"మల్ల ఎవలు బావా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఎవలు లేరు. మీటింగు."

నవ్వు అక్కడే ఆగింది. దెబోరా గుంపు చివర నిలబడి ఉంది. ఆమె ముఖం అలా పాలిపోవడం నేను ఇదివరకు ఒక్కసారే చూశాను, ముత్యం పోయిన పొద్దున.

అప్పుడే జీపు వచ్చింది. దాని వెనక రెండు వ్యాన్లు, వాటి వెనక ఖాళీ డీసీఎం లారీ. పోలీసులు వాడకు రెండు చివరలా తాడు కట్టారు. కొందరు లోపలి సందుల్లోకి పోయారు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి కాబట్టి వాళ్లకు తట్టవలసిన పని లేకపోయింది.

సీఐ సారు బాగా మాట్లాడాడు. పోలీసులంటే భయం ఉండొద్దన్నాడు. మేం మీ ఇంటి మనుషులం అన్నాడు. ఊరికి కొత్తవాళ్లు వస్తే చెప్పండి, సెల్ ఫోన్లో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి అన్నాడు. వాలీబాల్ ఇచ్చాడు. దుప్పట్లు పంచాడు. లింగవ్వకు కూడా ఒకటి కప్పాడు. ఫోటోలు దిగారు. ఆ తర్వాత ఎస్సై లేచాడు.

"బండ్లన్ని ఒక్క లైన్ల వెట్టుండ్రి. కాయితాలు తియ్యుండ్రి."

చావుకు వచ్చేవాడు కాయితాలు తెచ్చుకోడు. ఇంట్లో ఉన్నా చాలామందికి సొంత పేరు మీద ఉండవు. మా దిక్కు బండి నాలుగు చేతులు మారుతుంది, పేరు మొదటివాడి మీదే ఉండిపోతుంది. ప్రేమ్‌చంద్ తన బండిని బెల్లంపల్లిలో బొగ్గుబాయి నుంచి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నాడు. ఆయన చచ్చిపోయి రెండేళ్లు. పంతొమ్మిది బండ్లు డీసీఎంలోకి ఎక్కించారు.

అవి ఎక్కుతుండగానే నన్ను పిలిచారు. సీఐ సారు నా భుజాల మీద శాలువా కప్పాడు. బక్కయ్యలాంటి పెద్దమనిషి ఊరికొకరు ఉంటే మాకు పనే ఉండదన్నాడు. ఓంప్రకాశ్ నా వీపు మీద మెల్లగా తట్టాడు. అంటే, ఇప్పుడు చెప్పు అని.

"సార్, నా తమ్ముడు ముత్యం. ఇసుక ట్రాక్టర్ గుద్దింది. గుర్తు తెలియని బండి అని రాసిండ్రు. కండ్లార చూసినోడు ఉన్నడు సార్."

ఆయన విన్నాడు, చివరిదాకా విన్నాడు. ఎస్సైతో "చూడండి" అన్నాడు. ఇద్దరూ కెమెరా వైపు తిరిగారు. ఫోటో అయ్యాక ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు.

"ఎవడు చూసినోడు?"

"గా ఎర్ర అంగీ పిల్లగాడు సార్. ప్రేమ్‌చంద్. గిప్పుడే మీరు బండి ఎక్కిచ్చిండ్రు గదా, గాయనే."

ఎస్సై ప్రేమ్‌చంద్‌ను చూశాడు. బండిని చూశాడు. నంబరు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆరు నెలల తర్వాత ఒకరు రాసుకుంటున్నారని నాకు సంతోషమైంది.

మర్నాడు పేపర్లో శాలువాతో నా ఫోటో పడింది. హోటల్ ముందు నుంచి పోతుంటే ఒకడు పిలిచాడు.

"శాలువ మంచిగుందే బక్కన్నా. చలికి పనికొస్తది."

"రేపు ఎవల చావుకు కొడ్తవో ముందుగాల చెప్పు, బండి ఇంట్ల తాళమేసుకొని వస్తం" అన్నాడు పక్కవాడు.

నేను ఆగలేదు.

శుక్రవారానికి పద్దెనిమిది బండ్లు జరిమానా కట్టించుకుని వదిలేశారు. ప్రేమ్‌చంద్ బండి ఒక్కటే స్టేషన్ గోడ పక్కన ఉండిపోయింది. ఓనరును తెమ్మన్నారు. చచ్చిపోయాడన్నాడు. అయితే చచ్చినవాడి బండి నీ దగ్గరికెట్లా వచ్చింది అన్నారు. రోజూ పొద్దున పోయి స్టేషన్ ముందు నిలబడేవాడు. మిల్లుకు పోలేదు.

మళ్లీ మంగళవారం పొద్దుగూకే వేళ దెబోరా అన్నం వారుస్తోంది. నేను ఆమె గుమ్మం దగ్గర కూర్చున్నాను. బండి చప్పుడైంది. దెబోరా గంజి వారుస్తూనే "తమ్ముడి బండే" అంది. ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. ప్రేమ్‌చంద్ నడుపుతున్నాడు. వెనక ఓంప్రకాశ్ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో కాయితాల అట్ట పెట్టుకుని.

బండి స్టాండు వేసి ప్రేమ్‌చంద్ అక్కడే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఇచ్చిండ్రా?" అంది దెబోరా.

"ఇచ్చిండ్రు."

"ఊకెనే ఇచ్చిండ్రా?"

వాడు బండి సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఎస్సై సారు రెండు కాయితాలు ముందట వెట్టిండు అక్కా. ఒకదాంట్ల నేను దొంగబండి తోని దొరికిన్నని ఉన్నది. ఇంకోదాంట్ల ఎండాకాలం గా పొద్దు నేను వాగు కాడ లేను, ఏం చూడలే అని ఉన్నది. రెండిట్ల నీదేదో నువ్వే చూసుకో అన్నడు."

"నువ్వు చూసినవా, చూడలేదా?"

"చూసిన."

"మల్ల?"

"దొంగ అని కేసు పడితే ఏ మిల్లు లోపటికి రానిస్తది? రేపు నా పిల్లలు..." అని ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నువ్వు ముత్యానికి బామ్మర్దివే, నీ సాక్ష్యం ఎట్లైన నిలవదు అన్నడు ఎస్సై సారు."

ఓంప్రకాశ్ అట్ట తెరిచాడు. నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"కాకా, గిది నోటీసు. గుద్దిన బండి దొరకలేదని కేసు మూసిండ్రు. దరఖాస్తు నీదే గదా. ముట్టినట్టు నీ సంతకం కావాలె."

"సారు ఖుష్‌గుంటే అయితదంటివి."

"అన్న."

"బండ్లు పడ్తరని నీకు తెల్సునా?"

"తెల్సు. ప్రతి ఊర్ల పడ్తున్నం. ఎన్ని పట్టిండ్రని పైకెల్లి అడుగుతరు." అట్ట అంచు వేళ్ల మధ్య నలిపాడు. "గంటకు అందరు గట్ల మర్లొస్తరని తెల్వదు కాకా. ప్రేమ్‌చంద్ పోయి ఉంటడనే అనుకున్న."

నాకు తెలుసు. అందరూ మర్లి వస్తారని నాకు తెలుసు. అందుకే కొట్టాను. చూసినవాడు ఎవడని అడిగితే వేలు పెట్టి చూపించింది కూడా నేనే. అది నేను పైకి అనలేదు. అక్కడ అది తెలియనివాళ్లు లేరు.

దెబోరా అన్నం గిన్నె కింద పెట్టింది.

"నువ్వు కొడ్తుంటే నేను గీడనే ఉన్న బావా," అంది. గొంతులో కోపం లేదు. "ముత్యం మల్లొక్కసారి పోయిండనుకున్న. ఆయన లేడని యాదికి రాలే. ఉరికిన."

పెన్ను ఓంప్రకాశే ఇచ్చాడు. సంతకం పెట్టాను. బక్కయ్య అని నాలుగో క్లాసులో నేర్చుకున్న అక్షరాలు, ఎప్పుడు రాసినా వంకరే. పైన చదివాను. గుర్తు తెలియని వాహనం అని మూడు చోట్ల ఉంది.

ఓంప్రకాశ్ లేచాడు. "పోత కాకా. డ్యూటీ ఉన్నది."

"ఎట్ల పోతవు?" అంది దెబోరా. "బండి మావోనిది. అన్నం యాళ్లకు వచ్చినవ్. తిని పో."

వాడు ప్రేమ్‌చంద్ వైపు చూశాడు. ప్రేమ్‌చంద్ నేల చూశాడు. వాడు మెల్లగా టోపీ తీసి అట్ట మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రేమ్‌చంద్ కూడా లోపలికి వచ్చి, వాడికి దూరంగా, నా పక్కన కూర్చున్నాడు.

దెబోరా నాలుగు పళ్లాలు పెట్టింది. అన్నం, చింతకాయ తొక్కు, పలుచని పప్పు. పోలీసు పళ్లెంలో కూడా మాకు పెట్టినంతే పెట్టింది. మా ఇళ్లల్లో తినే ముందు పెద్దవాడు ప్రార్థన చెప్పాలి. ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టుకుని నా కోసం ఆగారు. ఓంప్రకాశ్ మావాడు కాకపోయినా వాళ్లను చూసి తనూ ఆగాడు. నేను తల వంచాను. నోరు తెరవలేదు. అన్నం మీది ఆవిరి తగ్గిపోయింది.

దెబోరా ముందుగా ముద్ద కలిపింది. తర్వాత మేమూ కలిపాం. పప్పు గిన్నె ఒకరి దగ్గర నుంచి ఒకరికి జరిగింది. అన్నం అయిపోయేదాకా తిన్నాం.