అరవై ఆరు మెట్లు

నా ఎడమ కాలు కుడి కాలికంటే అంగుళంన్నర పొట్టి. ఇది కొత్త సంగతేమీ కాదు. నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ అంగుళంన్నరా పట్టుకుపోయింది. ఆ కాలితోనే చదువుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఈ స్కూలు ఆఫీసును ముప్ఫై ఒక్క ఏళ్లుగా నడుపుతున్నాను. నా కాలు పొట్టిదన్న సంగతి మాత్రం ఈ ఏడాది బడి తెరిచాక మా చిన్నసారు కనిపెట్టాడు.

చిన్నసారంటే స్కూలు పెట్టిన పెద్దసారు కొడుకు. పెద్దసారు పోయాక డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజున అతను ఇదే స్కూల్లో రెండో తరగతి. లెక్కల పీరియడ్ రాగానే కడుపునొప్పి వచ్చి నా గదిలో బల్ల మీద పడుకునేవాడు. పీరియడ్ అయిపోయిన బెల్లు వినగానే నొప్పి తగ్గిపోయేది. ఇవన్నీ నాకు గుర్తున్నాయని అతనికి తెలుసు. ఒక మనిషిని ఇంటికి పంపించాలనుకోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

వస్తూనే నలభై పేజీల నియమావళి ఒకటి రాశాడు. నున్నటి అట్ట వేయించి, అచ్చేయించి, తల్లిదండ్రులందరికీ పంచాడు. అందులో పదిహేడో రూలు నా ఆఫీసు గురించి. సెలవు చీటీ కానీ, గేటు పాసు కానీ, టీసీ కానీ, ఏ కాగితమైనా సరే, కావలసినవాళ్లే స్వయంగా అడ్మినిస్ట్రేటర్ ముందుకొచ్చి, అంటే నా ముందుకొచ్చి, సంతకం తీసుకోవాలి, అటెండరు చేత పంపకూడదు. ఇది మా అటెండరు మీద కోపంతో పెట్టిన రూలు. అతను కాగితం పట్టుకుని బయలుదేరితే దారిలో కనపడ్డ ప్రతి మనిషితోనూ ముచ్చటించి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆ రూలు చదివి బాగుందని నేను కూడా అన్నాను. నిజంగానే బాగుంది.

నియమావళి వచ్చిన వారానికి నాకో మెమో వచ్చింది. చిన్నసారు గదికి పిలిచి చేతికిచ్చాడు.

"మీకిక రెస్ట్ కావాలి మేడమ్. ఎన్నాళ్లని ఈ కాలితో..."

"ఇంకో రెండేళ్లు సార్. అరవై నిండేదాకా."

"ఇప్పుడంతా స్పీడ్ మేడమ్. అటూ ఇటూ చకచకా తిరిగేవాళ్లు కావాలి."

"ముప్ఫై ఏళ్లుగా తిరుగుతూనే ఉన్నాను కదా సార్."

అతను నా మొహం చూడలేదు. మాట్లాడినంతసేపూ నా చేతికర్రనే చూశాడు. ఉద్యోగం కర్రకిచ్చినట్టూ, దాన్నే తీసేస్తున్నట్టూ!

మెమోలో ఉన్నది ఇది. వయసు రీత్యా, శారీరక పరిమితుల రీత్యా నా నుంచి చురుకైన సేవలు ఆశించలేమట. కాబట్టి నా అంతట నేను తప్పుకోవచ్చు. తప్పుకోకపోతే సోమవారం నుంచి నా ఆఫీసు మూడో అంతస్తుకి మారుతుంది. నెల రోజులు పరిశీలిస్తారు. రోజూ ఎనిమిదింపావుకల్లా కుర్చీలో ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా పనికి అసమర్థురాలినని తేలిపోయినట్టే. గేటు పక్కనున్న నా పాత గదిలో సోఫాలు వేస్తారు. స్కూలుకి లిఫ్టు లేదు.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. దాన్ని బాత్రూములో కడిగేసుకుని, కోపంతో బయటికొచ్చాను.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. మెమో రెండుసార్లు చదివి, మడిచి నా చేతికిచ్చాడు.

"మానేస్తావా?"

"ఎందుకు మానెయ్యాలండీ? నేనేం తప్పు చేశాను?"

"అయితే ఎక్కు. మెట్లెన్ని?"

"అరవై ఆరు."

"స్టేజీలుగా విడగొట్టుకో. ఇరవై రెండు మెట్లకో స్టేజీ. స్టేజీలో ఆగి ఊపిరి తీసుకో. మధ్యలో ఎవరు చెయ్యెత్తినా ఆగకు."

సోమవారం ఏడున్నరకే వెళ్లాను. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చెయ్యి కర్ర మీద. ముందు కుడి కాలు, దాని పక్కకి ఎడమ కాలు. ఇరవై నిమిషాలు పట్టింది. పైన గదిలో విరిగిన బెంచీలు, గాలి పోయిన ఫుట్‌బాళ్లు, వాటి మధ్య నా బల్ల, నా కుర్చీ. సరిగ్గా ఎనిమిదింపావుకి ఇంటర్‌కమ్ మోగింది.

"మేడమ్... ఉన్నారా?"

"ఉన్నాను సార్."

అవతల ఫోన్ టక్కున పెట్టేసిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు చాలా బాగుంది.

ఎక్కినదాన్ని ఎక్కినట్టే కూర్చున్నాను. రోజుకి ఒకసారి ఎక్కుతాను, ఒకసారి దిగుతాను. అంతకుమించి నా వల్ల కాదు, ఒప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు. తొమ్మిదింటికి అటెండరు సెలవు చీటీల కట్ట పట్టుకుని వచ్చాడు. అవతలి గోడకి అంటించిన పదిహేడో రూలు చూపించి వెనక్కి పంపాను. అతని ఆనందం చూడాలి! ఆ రోజు నుంచి మెట్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరు కాగితం పట్టుకొచ్చినా వేలు పైకి చూపించడమే అతని పని.

"స్వయంగా వెళ్లాలి. నేను ముట్టుకోకూడదు."

మొదట కెమిస్ట్రీ సారొచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, ఏ రోజున సెలవు కావాలో చెప్పడానికి ఊపిరి చాలక వేళ్లతో చూపించాడు. పిల్లల చేత గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించే పీటీ సారు, తను ఒక్క రౌండు కూడా కొట్టలేడన్న సంగతి రెండో అంతస్తు మలుపులో బయటపడింది. ఆయన్ని ఇద్దరు ఆరో తరగతి పిల్లలు చెరో వైపూ పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టారు. తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కర్లేదు. కోపంగా బయలుదేరినవాళ్లు పైకొచ్చేసరికి కోప్పడే ఓపిక లేక, కూర్చుని మంచినీళ్లడిగేవాళ్లు. ముప్ఫై ఏళ్లలో నా ఆఫీసులో ఇంత ప్రశాంతత నేనెరగను.

రెండో వారానికి సెలవు చీటీలు సగానికి తగ్గాయి. ఆ ఘనత తన నియమావళిదేనని చిన్నసారు స్టాఫ్ మీటింగులో చెప్పుకున్నాడు. మీటింగు మూడో అంతస్తులో పెట్టలేదు కాబట్టి నేను వెళ్లలేదు. కెమిస్ట్రీ సారు చెప్పాడు.

మూడో వారంలో తల్లిదండ్రులు లబోదిబోమన్నారు. చిన్నసారు ఫోన్ చేశాడు.

"మేడమ్, కాగితాలు అటెండరు చేత తెప్పించుకోండి."

"అలాగే సార్. పదిహేడో రూలు తీసేశామని ఒక్క ముక్క రాసి పంపండి."

"పుస్తకం అందరికీ పంచేశాం కదా మేడమ్..."

"అదే నేనూ అంటున్నాను సార్."

ఫోన్ పెట్టేశాడు. తను రాసిన రూలు తప్పని రాయడం కంటే ఊరందరి చేతా మెట్లెక్కించడమే అతనికి నయమనిపించింది.

ఇదంతా చెబుతుంటే నేనేదో నవ్వుతూ ఎక్కానని అనుకోకండి. ఇరవయ్యో రోజున వాన పడింది. మెట్లన్నీ పిల్లల బూట్ల బురద. రెండుసార్లు కర్ర జారింది. పైకొచ్చి కూర్చునేసరికి ఎనిమిదీ పదమూడు. ఆ సాయంత్రం మోకాలు ఉబ్బి బూరెలా అయింది. మా ఆయన వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతూ, "ఇంకెన్ని రోజులు?" అని అడిగాడు. పది అన్నాను.  అప్పుడు మాత్రం మానేద్దామనిపించింది. చిన్నసారు గెలిచినా పర్వాలేదనిపించింది. నా పని నాకు వచ్చని, దాన్ని నా కాలు ఎన్నడూ చెడగొట్టలేదని ఈ వయసులో మళ్లీ పరీక్ష రాయాల్సి రావడం నాకు అవమానంగా అనిపించింది.

ఇరవై మూడో రోజున పెద్దమ్మగారొచ్చారు.

పెద్దమ్మగారంటే పెద్దసారు భార్య, చిన్నసారు తల్లి, స్కూలుకి చైర్‌పర్సన్. డెబ్భై రెండేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మూడో తరగతి చదువుతున్న మనవరాలిని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికొచ్చారు. పిల్లని మధ్యలో పంపాలంటే గేటు పాసు కావాలి. పాసు మీద నా సంతకం కావాలి. మెట్ల దగ్గర అటెండరు వేలు పైకి చూపించాడు. చైర్‌పర్సనైనా రూలు రూలే అని చెప్పాడట. ఆ మాట అనే అవకాశం అతనికి జన్మలో మళ్లీ రాదు.

ఆవిడ ఎక్కారు. ఎంతసేపు పట్టిందో తెలియదు కానీ, ఆవిడ వచ్చి నా ముందు కూర్చున్నాక రెండు గ్లాసుల నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడారు.

"ఇంత ఎత్తుకొచ్చి కూర్చున్నావేమే అమ్మాయ్?"

"నేను రాలేదమ్మగారూ. తెచ్చి పెట్టారు."

నేను పాసు మీద సంతకం పెడుతుండగా మెట్ల మీద పరుగు వినిపించింది. చిన్నసారు. ఎవరో చెప్పినట్టున్నారు. మొహం కందగడ్డలా ఉంది.

"మా అమ్మ చేత మెట్లెక్కిస్తారా? బుద్ధుందా మేడమ్ మీకు? ఆవిడ వయసేంటి? ఆవిడ మోకాళ్లేంటి? మనిషన్నాక కాస్త..."

అక్కడ ఆగిపోయాడు. ఊపిరి చాలక ఆగాడో, తన మాట తనకే వినపడి ఆగాడో నేను చెప్పలేను. నేను లేవలేదు. బల్ల సొరుగులోంచి మెమో తీసి పెద్దమ్మగారి ముందు పెట్టాను.

"నా కళ్లజోడు కార్లో ఉందిరా. నువ్వు చదువు" అన్నారావిడ కొడుకుతో.

"తర్వాత చదువుకోవచ్చులే అమ్మా."

"ఇంకోసారి ఎక్కలేను. చదువు."

చదివాడు. వయసు రీత్యా దగ్గర ఒకసారి, శారీరక పరిమితుల రీత్యా దగ్గర ఇంకోసారి ఆగాడు. చురుకైన సేవలు ఆశించలేము అనేసరికి గొంతు పూర్తిగా పడిపోయింది. పెద్దమ్మగారు చివరిదాకా విన్నారు.

"ఇది నాకు రాశావా?"

"అయ్యో, కాదమ్మా. మేడమ్‌కి."

"నాదీ అదే వయసు, ఇంకా ఎక్కువే. నావీ అవే మోకాళ్లు. మరి నాకెప్పుడిస్తావురా కాగితం?"

 ఆవిడ కొడుకు భుజం పట్టుకుని లేచి, నా వైపు చూశారు. "మీ పెద్దసారు ఉంటే ఇలా జరిగేది కాదు. నేనుండీ జరిగింది. తప్పు నాది కూడా" అని దిగడానికి బయలుదేరారు. 

మర్నాడు ఉదయం చిన్నసారు స్వయంగా ఉత్తరం పట్టుకుని పైకొచ్చాడు. మెమో రద్దు చేస్తున్నామని, మీ వయసునూ ఆరోగ్య పరిస్థితినీ దృష్టిలో ఉంచుకుని మానవతా దృక్పథంతో మిమ్మల్ని కొనసాగిస్తున్నామని ఉంది. సోమవారం నుంచి ఆఫీసు కిందికి మారుస్తారట.

నేను ఎర్ర పెన్ను తీసి మానవతా దృక్పథం మీద ఒక గీత గీసి వెనక్కిచ్చాను.

"ఏమైంది మేడమ్? అన్నీ మీరడిగినట్టే..."

"నేను జాలి అడగలేదు సార్. నేను పని చెయ్యలేనని రాశారు. అది తప్పు. తప్పని రాయండి."

కిందికి వెళ్లి మళ్లీ వచ్చాడు. ఈసారి 'మీ దీర్ఘకాల సేవలకు గౌరవంగా, ప్రత్యేక సందర్భంగా పరిగణించి' అని ఉంది. దాని మీదా గీత పడింది. మధ్యాహ్నం మూడోసారి వచ్చేటప్పటికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. అతనికి ముప్ఫై ఎనిమిదేళ్లు, రెండు కాళ్లూ సమానం. ఆ మూడో ఉత్తరంలో రెండే వాక్యాలు. 'ఫలానా తేదీన మీకిచ్చిన మెమో తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.'

రెండుసార్లు చదివాను. అందినట్టు ముద్ర వేసి, నంబరు వేసి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో రాసుకున్నాను.  

ఇన్నాళ్లూ నేను మెట్లెక్కడం అందరూ చూశారు. దిగడం మాత్రం ఎవరూ చూడలేదు. నాకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. పొట్టి కాలు కింది మెట్టు అందుకునేలోపు ఒళ్లంతా ఒక పక్కకి ఊగిపోతుంది. ఆ ఊగడం ఎవరి కంటా పడకూడదని, స్కూలు ఖాళీ అయ్యేదాకా పైనే కూర్చునేదాన్ని. తర్వాత గోడ పట్టుకుని, మరీ నొప్పిగా ఉంటే మెట్ల మీదే కూర్చుని జరుగుతూ, ఒక్కదాన్నే దిగేదాన్ని. ఎవరైనా చూస్తే ఆ మెమోలో రాసింది నిజమే అనుకుంటారని భయం.

ఆ సాయంత్రం ఆఖరి బెల్లు మోగగానే లేచాను. బస్సులు బయలుదేరడానికి డ్రైవర్లు రోజూ పైకొచ్చి తీసుకెళ్లే చీటీలు ఆ రోజు సంతకం చేసి నా చేతిలోనే పట్టుకున్నాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనక మూడో అంతస్తు పిల్లలంతా వచ్చి ఆగారు. రెండో అంతస్తు దగ్గర ఇంకో నాలుగు తరగతులు కలిశాయి. సన్నటి మెట్లు, నన్ను దాటుకుని వెళ్లే దారి లేదు.

"మేడమ్, బస్సు వెళ్లిపోతుంది" అంది వెనకనుంచి ఒక పిల్ల.

"చీటీలు నా దగ్గరే ఉన్నాయమ్మా. ఏ బస్సూ కదలదు."

ఏదో పని మీద పైకొచ్చినట్టున్నాడు, పైనుంచి చిన్నసారు గొంతు వినిపించింది. "ఏంటి, అందరూ ఆగిపోయారేంటి? ముందెవరు?"

"మేడమ్ దిగుతున్నారు సార్."



"సరే, ఆగండి. దిగనివ్వండి" అన్నాడు.

అందరూ చూస్తుండగా, ఒళ్లంతా ఊగుతుండగా, ఒక్కో మెట్టే దిగాను. తొందరపడలేదు.