నడుము కొలతలు

ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బాగుచేయడం అతని పని. అందుకే అందరూ లిఫ్టాయన అంటారు. మెట్లంటే అతనికి మొదటినుంచీ గిట్టదు. ఒక్క అంతస్తు ఎక్కాలన్నా లిఫ్టు దిగివచ్చేదాకా నిలబడేవాడు. ఎవరైనా నవ్వితే, సొంత పని మీద తనకే నమ్మకం లేకపోతే ఎలాగని ఎదురు అడిగేవాడు. చొక్కా జేబులో సిగరెట్లు, పనిముట్ల సంచిలో బిస్కెట్లు ఎప్పుడూ ఉండేవి. ఒంటి సంగతి ఎత్తితే మాట మార్చేసేవాడు.

అలాంటి మనిషికి అక్క ఒకరోజు ఫోన్ చేసి రమ్మంది. అక్క దర్జీ. తల్లి పోయాక తమ్ముడికి తల దువ్వడం దగ్గరనుంచి పెళ్లిచూపుల చొక్కా దాకా అన్నీ ఆమె చేతిమీదుగానే జరిగాయి. తనకి పెద్దపేగులో క్యాన్సరట, ఆపరేషన్ చేయాలట అని, చొక్కాకి గుండీ ఊడిందన్నంత మామూలుగా చెప్పింది. కుర్చీలో కూలబడింది అతనే. ఆమే లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, వీపు నిమిరి, ఏం కాదులేరా అని ధైర్యం చెప్పి పంపింది. సగం దారిలో గాని అతనికి స్ఫురించలేదు, ఓదార్చవలసింది తనేనని.

రక్తసంబంధీకులు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదని అక్కని చూసే డాక్టరమ్మ చెప్పింది. చూపించుకున్నాడు. పేగుల్లో ఏమీ లేదుగాని బీపీ, షుగరు రెండూ హద్దు దాటి కూర్చున్నాయి. ఇలాగే ఉంటే అక్కకంటే ముందు మీరే మంచం ఎక్కుతారని ఆవిడ మొహం మీదే అనేసింది.

ఇక చూడాలి! సిగరెట్లు చెత్తబుట్టలో పడ్డాయి. బిస్కెట్లు తోటి పనివాళ్ల పాలయ్యాయి. పొద్దున్నే నడక, రోజంతా మెట్లు. మొదట్లో రెండో అంతస్తుకే నాలుక బయటపెట్టేవాడు. పోనుపోను పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని ఆగకుండా ఎక్కడం అలవాటైంది. అక్కడే వచ్చింది తంటా. లిఫ్టు బాగుచేసి, ఇక ఎక్కండని అందరికీ చెప్పి, తను మాత్రం మెట్లదారి పట్టడం ఒక భవనంలో ఉండే రిటైర్డు మేష్టారి కంట పడింది. బాగుచేసినవాడే ఎక్కట్లేదంటే లోపల ఏదో ఉందన్నాడాయన. సాయంత్రానికల్లా లిఫ్టు ఖాళీగా తిరుగుతోంది, మెట్లమీద ముసలీముతకా ఆయాసపడుతున్నారు. సూపర్‌వైజర్ పిలిపించి చీవాట్లు పెట్టాడు. ఆరోగ్యం ఏదైనా ఉంటే ఇంటిదగ్గర చూసుకోమన్నాడు. అప్పటినుంచి నలుగురూ చూస్తుండగా లిఫ్టులో పైకెళ్లి, ఎవరూ చూడకుండా మెట్లు దిగేవాడు.

ఈలోగా అక్కకి ఆపరేషన్ అయింది, కీమో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మందు ఎక్కినంతసేపూ బావ ఆమె పక్కన కుర్చీ వదిలేవాడు కాదు. తమ్ముడు వచ్చేవాడు, ఎలా ఉందని అడిగేవాడు, ఆ గొట్టంలో చుక్క పడటం చూడగానే ఏదో గుర్తొచ్చినట్టు లేచి వరండాలో నడవడం మొదలుపెట్టేవాడు. జీవితమంతా కూర్చోవడంలో ఆరితేరినవాడు కూర్చోవలసిన చోట కూర్చోలేకపోయాడు. నర్సులు అతనికి నడిచే తమ్ముడని పేరు పెట్టారు.

చూడవచ్చిన చుట్టాలు అతన్ని ఎగాదిగా చూసి, భలే తగ్గావయ్యా అని మెచ్చుకునేవారు. అదే నోటితో అక్కవైపు తిరిగి, అయ్యో, ఎంత తగ్గిపోయావమ్మా అని కళ్లు తుడుచుకునేవారు. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి అక్కకి సలహాలు మొదలుపెట్టేవాడు: నీళ్లు ఇంత తాగాలి, ఊపిరి ఇలా పీల్చాలి, నిద్ర అలా పోవాలి. అక్క కళ్లు మూసుకునేది. ఒకరోజు బావ అతన్ని పక్కకి తీసుకెళ్లి, నువ్వొచ్చి వెళ్లాక ఈవిడకి వాంతులు మందువల్ల అవుతున్నాయో నీవల్ల అవుతున్నాయో తెలియడం లేదయ్యా అన్నాడు.

చివరికి ప్యాంట్లన్నీ నడుం మీద నిలవకుండా పోయాయి. ఇంకో దర్జీ దగ్గరికి వెళ్లడానికి మనసొప్పలేదు. అక్క దగ్గరికి తీసుకెళ్లడానికి మొహం చెల్లలేదు. బెల్టు బిగించుకుంటూ కొన్నాళ్లు నెట్టుకొచ్చి, ఒక మధ్యాహ్నం సంచి పట్టుకుని వెళ్లి గుమ్మం దగ్గర నీళ్లు నమిలాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని తన జాకెట్టు కుట్లే విప్పుతోంది.

"ఇలా ఇవ్వు, నాదీ లోపలికే కుడుతున్నా," అంది. టేపు అతని నడుముకి చుట్టి చూసి, కాస్త నవ్వింది. "నా జబ్బు నీకు భలే ఒంటబట్టిందిరా."



ఆ మందుతో ఆమెకి వేళ్ల కొసలు తిమ్మిరెక్కేవి. చల్లటి వస్తువు తగిలితే ముళ్లు గుచ్చుకున్నట్టుండేది. సూది పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. దారం ఎక్కించి పెట్టమంది. ఎక్కించి ఇచ్చి, గుడ్డముక్కతో సూది పట్టుకోమని చెప్పి, అలవాటుగా లేచాడు.

"కూర్చో. దారం అయిపోతే మళ్లీ ఎవరు ఎక్కిస్తారు?"

కూర్చున్నాడు. ఆమె తల ఎత్తకుండానే అంది: "ఒళ్లు బాగుచేసుకోడానికి నడుస్తున్నావనుకున్నా. నాకు దొరక్కుండా నడుస్తున్నావని తర్వాత తెలిసింది."

"నిన్ను చూస్తే భయమేస్తోందక్కా."

"నాకూ వేస్తోందిరా. మీ బావతో అంటే ఏడుస్తాడు. నీతో చెబుదామంటే నువ్వు నిలవ్వు."

"నిలిచాగా. చెప్పు."

చెప్పింది. స్కానింగ్ గదిలో ఒంటరిగా పడుకున్నప్పటి సంగతి, బతికితే మళ్లీ మిషను తొక్కగలనో లేదో అన్న దిగులు, పలకరించడానికొచ్చేవాళ్ల మీద వచ్చే కోపం, అన్నీ. దారం అయిపోయినప్పుడల్లా అతను ఎక్కించి ఇచ్చాడు. నీళ్లు తాగమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. మధ్యలో ఇద్దరూ ఏడ్చారు కూడా. నడుము పట్టీ వంకరపోయి ప్యాంటు ఒక కాలు పొట్టిగా వచ్చింది, అయినా అదే తొడుక్కుని ఇంటికి వెళ్లాడు.

ఆ తర్వాత ఆస్పత్రిలో బావ కాస్త నడుం వాల్చేవాడు, కుర్చీలో తమ్ముడు కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని పొట్ట కొద్దిగా తిరిగొచ్చింది. మందు ఎక్కించడాలు అయ్యాయి. కొత్త స్కానింగ్‌లో ఏమీ కనబడలేదని, అయినా పరీక్షలకి వస్తూ ఉండాలని డాక్టరమ్మ అంది. రోజూ కాస్త నడవమని కూడా అంది.

ఆ మాట వినడమే ఆలస్యం, అతను అక్కకి బూట్లు కొనేశాడు. మొదటిరోజు తనే వెంటబెట్టుకెళ్లాడు. చెయ్యి ఎలా ఊపాలో, మడమ ఎలా ఆనించాలో దారిపొడుగునా వివరించాడు. మర్నాడు ఆమె పక్కింటావిడతో వెళ్లింది. అతను బావతో కలిసి వెనక నడుస్తున్నాడు. ముందు ఆడవాళ్లిద్దరూ ఆగి ఆగి నవ్వుకుంటున్నారు. తన గురించేనని అతనికి అనుమానం. బావని అడిగితే, ఇంకా అనుమానమెందుకయ్యా అన్నాడు.