రోజుకు ఒకటిన్నర జీబీ

ఆ ఉదయం సౌభాగ్య ఇంట్లో ఇంటర్నెట్‌కు కర్ఫ్యూ పెట్టింది. అత్తగారు అప్పయమ్మ భజనలు బంద్. తన వంటల వీడియోలూ బంద్. రెండు ఫోన్లకూ రోజుకొచ్చే చెరో ఒకటిన్నర జీబీలో ఒక్క చుక్క కూడా ఒలకకూడదు.

పదకొండింటికి డెమో క్లాసు. విశాఖపట్నంలో ఒక చిన్న సంస్థ బయటి రాష్ట్రాల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పిస్తుంది. పాఠం వాళ్లకు నచ్చితే నలభయ్యారేళ్ల సౌభాగ్యకు అది మొదటి ఉద్యోగం. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలకు పదిహేనేళ్లుగా ఊరికే అక్షరాలు దిద్దిస్తోంది. ఇన్నాళ్లకు ఎవరో జీతమిస్తామన్నారు.

పదింపావుకు ఫోన్ హాట్‌స్పాట్‌ను లాప్‌టాప్‌కు కలిపి, పాఠం బొమ్మలు సరిచూసుకుని, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. కుచ్చిళ్లు కుదిరి బయటికొచ్చేసరికి మొగుడు శివాజీ, గూడ్సు బండి నడిపి అప్పుడే ఇంటికొచ్చినవాడు, లాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చున్నాడు. తెర నీలంగా ఉంది. 'అప్‌డేట్ జరుగుతోంది. పన్నెండు శాతం. కంప్యూటర్ ఆపకండి.'

ఆమె చేతిలో ఫోన్ టింగుమంది. ఈరోజు డేటా అయిపోయింది.

"ఏటి నొక్కారు?"

"ముఖ్యమైన అప్‌డేట్ అని నోటీసొచ్చింది. ఓకే అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అన్నాను."

"ఎందుకన్నారు?"

"నోటీసొస్తే ఒదిలేస్తారేటి? మా డ్రైవర్ల లాబీలో గోడకి నోటీసు పెడితే, చదివి సంతకం పెట్టందే ఇంజినెక్కనివ్వరు. ఇరవయ్యారేళ్లలో ఒక్కటి ఒదిలానా?"

"ఇది మీ లాబీ కాదండీ, నా బతుకు! ఇంతకీ చదివారా, అందులో ఏటుందో?"

"అంత బారెడుంటే ఎవడు చదూతాడు? సంతకం పెడతాం గానీ."

సౌభాగ్యకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. శివాజీది డ్యూటీ ఫోను, అందులో మాటలే తప్ప నెట్ లేదు. ఇక మిగిలింది అత్తగారి ఫోను.

"ఓలమ్మ, పొద్దున్నుంచి భజన ఇనొద్దన్నావు. ఇప్పుడు నా ఫోనెందుకే?" అంటూనే అప్పయమ్మ దిండు కిందినుంచి తీసిచ్చింది.

అందులో హాట్‌స్పాట్ పనిచేయదు. మీటింగ్ యాప్ తెరిస్తే, పాతబడిపోయింది, అప్‌డేట్ చేస్తేనే లోపలికి రానిస్తానంది. శివాజీ వేలు చాచాడు.

"వేలు తీయండి!"

తనే నొక్కింది. ఫోన్‌లో చోటు లేదట. చూస్తే వేలకొద్దీ శుభోదయం బొమ్మలు. సౌభాగ్య వందలకు వందలు చెరిపేసింది.

"నా దేవుళ్లందర్నీ తుడిచేస్తన్నావేటే!"

"రేపు పొద్దున్నే మళ్లీ వస్తారు, అత్తమ్మా."

పదకొండూ ఏడైంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. సౌభాగ్య ఫోన్ మోగింది. సంస్థ నడిపే జ్యోతిర్మయి.

"డెమో క్లాసుకి పాప ఎదురుచూస్తోందండీ. చేరలేదేం?"

సౌభాగ్య ఉన్నదున్నట్టు చెప్పింది.

"సరే, పాపను కలుపుతాను. ఫోన్‌లోనే పది నిమిషాలు మాట్లాడండి."

బొమ్మల్లేవు, బోర్డు లేదు. సౌభాగ్య వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని, ఎదురుగా కనిపించే ప్రతి సామాను మీదా పొడుపుకథ వేసి, దాని పేరు ఆ పాప చేత చెప్పించింది. అట్లకాడ దగ్గర పాప పకపకా నవ్వింది.

చివర్లో జ్యోతిర్మయి అంది, "మాట బాగుందండీ. కానీ రాయించడం చూడకుండా నేను మాటివ్వలేను. రేపు పదకొండింటికి మరోసారి. అదే ఆఖరు."

మధ్యాహ్నానికి లాప్‌టాప్ తేరుకుంది. మర్నాడు పొద్దున్నే కొత్త డేటా రాగానే సౌభాగ్య సెట్టింగుల్లో వెతికి, ఇది లెక్కగా వచ్చే నెట్ అని దానికి చెప్పి, అప్‌డేట్లన్నీ వారం పాటు ఆపేసింది. అయినా ధైర్యం చాల్లేదు. శివాజీకి ఆవేళ రెస్టు.

ఎనిమిదింటికి డ్యూటీ ఫోన్ మోగింది.

"పదింటికి గూడ్సుందట, రమ్మంటన్నారు. అచ్ఛా, ఒంట్లో బాలేదని చెప్పేద్దునా? నువ్వు కంగారు పడతన్నావు గదా, పక్కనుంటాను."

"వద్దొద్దు!"

పెళ్లయిన ఇరవైమూడేళ్లలో రెస్టు రోజు డ్యూటీకి పిలుపొస్తే సౌభాగ్య సంతోషించడం అదే మొదలు. తొమ్మిది కాకముందే క్యారేజీ కట్టి చేతికిచ్చి, ఆయన గేటు దాటేదాకా నిలబడి చూసి, తలుపు గడియ పెట్టింది.