సముద్రానికి పోయిన వామి

"ఇంట్లో ఊరికే ఉండేదానివి గదా, ఈ చొక్కాకు ఒక గుండీ కుట్టిపెట్టలేకపోతివా?" అని విసుక్కుని, మద్రాసు ఎలక్ట్రిక్ ట్రైన్ అందుకోవడానికి తిరువళ్ళూరు స్టేషనుకు సైకిలెక్కి వెళ్ళిపోయాడు ఆదికేశవులు.

ఆయన భార్య కోకిల పేడగంప చంకకెత్తుకుంది. ఊరికే! ఆ మాటకు ఆమె కోపగించుకోవడం ఎప్పుడో మానేసింది. ఈ మధ్య నవ్వొస్తోంది కూడా. కోడి కూయక ముందే లేచి పాలు పితికేది, మడికి నీళ్ళు కట్టేది, కలుపు తీసేవాళ్ళతో తానూ వంగి కలుపు తీసేది, అందరూ పోయాక వంట చేసేది, అన్నీ ఆ ఊరికేలోనే ఇమిడిపోయాయి. భర్త కోతలప్పుడు సెలవు పెట్టి గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడతాడు. పూండి చుట్టుపక్కల ఊళ్ళన్నీ "ఆదికేశవులు ఉద్యోగం చేస్తానే సేద్యం ఎంత బాగా చేస్తాడు!" అని మెచ్చుకుంటాయి. జనాభా లెక్కలకు వచ్చిన పంతులు "ఆమె ఏం పని చేస్తారు?" అని అడిగితే, ఆయన కాస్త సిగ్గుపడినట్టు "ఏమీ లేదు సార్, ఇంట్లోనే" అన్నాడు. అప్పుడు కోకిల ఆ పంతులుకే కాఫీ కలుపుతోంది.

పెరట్లో వరిగడ్డి వామి మాత్రం ఆమెకు ప్రాణం. ఏటా తనే పైకెక్కి తొక్కుతూ వేస్తుంది. "ఆడది వామెక్కేదేంది, చూసేవోళ్ళు నవ్వరా?" అని అత్త రంగనాయకమ్మ కింద నిలబడి గొణుగుతూనే ఉంటుంది. పైనుంచి చూస్తే పూండి రిజర్వాయరు నీళ్ళు తళతళలాడుతూ కనిపిస్తాయి. అంత ఎత్తున ఎవరి మాటా సరిగ్గా వినబడదు. ఆమెకు అది చాలా ఇష్టం.

ఆ పొద్దున మునిలక్ష్మి వచ్చింది. సముద్రపొడ్డున, పళవేర్కాడు వైపు, కుప్పం అని పిలిచే ఒక జాలర్ల పల్లె ఆమెది. వారానికోసారి బస్సు మీద ఎండుచేపలు తెచ్చి ఈ ఊళ్ళలో అమ్ముతుంది. వీధి మొదట్లోనే ఆమె కేక వినబడాలి. ఈసారి మాట లేకుండా వచ్చి ఖాళీ గంప బోర్లించి తిన్నె మీద కూలబడింది.

"ఏమే, చేపలు యాడ?" అంది కోకిల.

"చేపలు యాడుండాయక్కా! నేవీ ఓడ ఒకటి సముద్రంలో ఆయిలు పట్టుకుంటా ఉంటే గొట్టం తెగిపోయిందంట. పాపం, ఎవురూ కావాలని చేసింది గాదు. అయినా అదంతా మా ఒడ్డుకే కొట్టుకొచ్చింది. వలలన్నీ నల్లగా అయిపోయినాయి. మొగోళ్ళు తలమీద చేతులు పెట్టుకోని కూర్చున్నారు."

"ఇప్పుడేం చేస్తారు మరి?"

"ఆఫీసరు వచ్చి చూసినాడు. వైక్కోలు పరిస్తే ఆయిలు పీల్చుకుంటాది, ఉప్పుటేట్లోకి పోకముందే అడ్డం వెయ్యండి అన్నాడు. ఏట్లో రొయ్యలు పట్టేది మేమే అక్కా, ఆడోళ్ళం. చేత్తో తడిమి పడతాం. ఆయిలు లోపలికి పోయిందంటే మా పని అయిపోయినట్టే. మా ఊర్లో ఇసక దప్ప ఏముండాది? వైక్కోలు కోసరమే ఊరూరు తిరగతా ఉండా."

వైక్కోలు అంటే వరిగడ్డి. కోకిల తల తిప్పి పెరటి వైపు చూసింది. ఆ చూపు ఎటు పోయిందో లోపలినుంచే కనిపెట్టింది రంగనాయకమ్మ.

"ఆది రానీ కోకిలా. అది మొగోడు చెప్పాల్సిన మాట."

ఆది వచ్చేది సాయంత్రం. వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, చూద్దాంలే అంటాడు. ఆయన చూద్దాంలే అన్నవి ఆమె పెళ్ళయినప్పటినుంచీ అలాగే ఉన్నాయి. "సముద్రం ఒకసారి చూపించు బావా" అని కొత్తలో అడిగితే, "ఏముండాది అందులో, నీళ్ళే గదా, చూద్దాంలే" అన్నాడు. అంతలోకి నూనె ఏట్లోకి పోదా? అయినా కోసింది ఎవరు, మోసింది ఎవరు, కాళ్ళు గీసుకుపోయేలా తొక్కింది ఎవరు? ఇచ్చేటప్పుడు మాత్రం ఇంకొకరు ఎందుకు చెప్పాలి? ఈ ప్రశ్న తనకు ఇన్నేళ్ళూ రాలేదే అని ఆమెకు ఆశ్చర్యమేసింది. గుండె దడదడలాడింది కానీ, అది భయంలా లేదు. తిరునాళ్ళకు బయలుదేరేటప్పుడు అలా కొట్టుకుంటుంది.

"సగం తీసుకపో" అంది. "ఆవులకు సగం చాలు. తక్కువైతే తిరుత్తణిలో మా అమ్మోళ్ళ చెరుకాకు తెప్పించుకుంటా."

కోకిల తమ్ముడు వరదన్ తిరుత్తణి నుంచి మద్రాసుకు ఇటుకల లారీ తోలుతాడు. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అక్క చేతి చద్దన్నం కోసం ఆగుతాడు. ఆ రోజూ అలాగే ఆగి, అన్నం కలుపుతూనే విషయం విన్నాడు.

"అక్కా, బావ?"

"బావ గుండీ లేదని అలిగి పోయినాడు. నువ్వు తిని లారీ వెనక్కి పెట్టు."

గడ్డి ఎత్తాక, మునిలక్ష్మితో పాటు తానూ లారీ ముందు ఎక్కి కూర్చుంది. "నువ్వెందుకే!" అని అత్త కేకేసింది. "నేను పరిచేదానికి" అంది కోకిల. లారీ కదిలింది.

శోళవరం చెరువు దాటాక గాలి మారింది. పొన్నేరి దాటాక ఉప్పు వాసన. తర్వాత సరుగుడు చెట్ల సందులో నీలంగా ఏదో లేచింది. ఆకాశమే కిందికి దిగిందనుకుంది. తీరా దగ్గరకు పోతే అది కదులుతోంది. ఒడ్డున మాత్రం నల్లటి మడత, కాటుక పులిమినట్టు. అయినా ఆ నలుపు అవతల ఎంత నీళ్ళు! నీళ్ళే గదా అన్నాడే మహానుభావుడు అనుకుని ఆమె గట్టిగా నవ్వేసింది.

కుప్పం పెద్దాయన లారీ చుట్టూ తిరిగి, వరదన్ దగ్గర ఆగి చేతులు జోడించాడు. "యారోడ వైక్కోల్ తంబి?" ఎవరి గడ్డి నాయనా అని. వరదన్ "మా బావ…" అని నోరు తెరిచాడు.

"నాది" అంది కోకిల. అందరికీ అర్థం కావాలని అరవంలో మళ్ళీ అంది. "ఎన్నోడదు."

ఆయన ఆమె వైపు తిరిగి మళ్ళీ చేతులు జోడించాడు.

తర్వాత ఎండ తెలియలేదు. ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టుకుని వరసగా నీళ్ళలోకి దిగారు. పసుపుపచ్చగా పోయిన గడ్డి నల్లగా బరువెక్కి వచ్చేది. దాన్ని లాగి ఇసకలో తీసిన గోతిలో వేసి, మళ్ళీ కొత్తది పరిచేవాళ్ళు. ఏటి నోటి దగ్గర గడ్డిమోపులు కట్టి అడ్డం వేశారు. ఒక అల కోకిలను పడగొట్టి చుట్టచుట్టి ఒడ్డున పారేసింది. లేచేసరికి ముఖమంతా నలుపు. మునిలక్ష్మి చూసి కడుపు పట్టుకుని కూలబడింది. ఆమె నవ్వుకి కోకిల, కోకిల నవ్వుకి పక్కవాళ్ళు, అలా ఒడ్డు పొడుగునా ఆడవాళ్ళు నవ్వుతూనే గడ్డి లాగారు. పొద్దు వాలేటప్పటికి అడ్డానికి ఇవతల ఏటినీళ్ళు తేటగా ఉన్నాయి. మునిలక్ష్మి చెయ్యి ముంచి తడిమి, ఒక రొయ్యను పైకెత్తి చూపించింది. అది ఎగిరిపడి నీళ్ళలోకి పారిపోయింది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు. అందరూ ఈలలేశారు.

చీకటిపడ్డాక ఇల్లు చేరింది. ఆదికేశవులు తిన్నె మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవుర్నడిగి ఇచ్చినావు?"

"ఎవుర్నీ అడగలా బావా. నేనేసిన వామి, నేనిచ్చినా."

మెల్లగా, మామూలుగా అంది. రంగనాయకమ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. కోడల్ని మెట్టు మీద కూర్చోబెట్టి చేతుల నలుపు రుద్దడం మొదలుపెట్టింది. తిడుతుందనుకుని కోకిల బిగుసుకుంది. చాలాసేపు రుద్దాక ముసలామె గొంతు తగ్గించి అడిగింది.

"ఎట్లుంటాదే అది?"

"ఏది?"

"సముద్రం."

కోకిల అత్త ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఈమెను కూడా ఎవరూ తీసుకుపోలేదని అప్పుడు తట్టింది.

"చెప్తే తెలీదత్తా. రేపు మళ్ళీ పోతా ఉండాం, ఇంకా పని ఉండాది. నువ్వు గూడా రా."

"నేనా!" అని రంగనాయకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి, "నలుపు పడినా పర్వాలేని చీర ఏదుంది నా కాడ?" అంది.

"మరి ఇంట్లో పని?" అన్నాడు ఆదికేశవులు.

అత్తాకోడళ్ళిద్దరూ ఏ చీరో లెక్కలు వేసుకుంటున్నారు. ఆయన కాఫీ తనే కలుపుకుందామని లోపలికి పోయాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకున్న చప్పుడు. తర్వాత కేక.

"కోకిలా! చక్కెర యాడుండాది?"

అలవాటుగా లేవబోయింది కోకిల. అత్త నూనె చెయ్యి ఆమె భుజం మీద పడింది. కోకిల మళ్ళీ కూర్చుని, కాళ్ళు బారజాపుకుంది.

"ఆడనే ఉంటాది బావా" అంది, "చూడు."