మేడ మీద మూడు తాళ్ళు

మా భవనంలో పదకొండు ఇళ్ళు, మేడ మీద మూడు తాళ్ళు. వాటి మీద బట్టలు ఆరేసేది నేనొక్కణ్ణే. మిగతా అందరి ఇళ్ళలోనూ ఆరబెట్టే మిషన్లున్నాయి. నా భార్య పోయాక ఉతకడం నేర్చుకున్నాను. చొక్కాని భుజాల దగ్గర కాదు, కింది అంచు పట్టి వేలాడదీయాలని రెండో అంతస్తులో ఉండే మా మరదలు చూపించింది. ఎండా గాలీ ఊరికే చేసిపెట్టే పనికి కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాల్చడం ఎందుకని నా పట్టుదల.

తాళ్ళు చూడ్డానికి బాగాలేవు, తీసేద్దామన్నాడు సెక్రటరీ. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. ఆదివారం ఉదయం కింద హాల్లో సమావేశం పెట్టాడు. ఇంటికో ఓటు. తాళ్ళు పోతే నేనూ మిషన్ కొనక తప్పదు.

"మాస్టారూ, మీ నాలుగు చొక్కాలు ఎండలో ఆరేస్తే భూమికి అంటుకున్న మంట ఆరుతుందా?"

సెక్రటరీ అలా అనగానే అందరూ నవ్వారు. మాట బాగుంది మరి, నేనూ నవ్వాను.

"మంట సంగతి చెప్పలేను బాబూ. చొక్కాలైతే ఆరుతున్నాయి."

"ఉపన్యాసం దంచుతావనుకుంటే ఇంతేనా బావా!" అని మరదలు గొణిగింది. చెయ్యి మాత్రం తాళ్ళు ఉంచాలనే ఎత్తింది. నాది, తనది, పళ్ళ డాక్టరుది, వయొలిన్ టీచరుది, కొత్త దంపతులది. ఇంకొక్కటి కావాలి. సెక్రటరీ అప్పుడే కాగితం మడుస్తున్నాడు. అతని పక్క కుర్చీలోంచి ఓ సన్నటి చెయ్యి లేచింది.

"అమ్మా! మన ఓటు నేను వేశాగా!"

"ఇల్లు నా పేర ఉందిరా. ఆ మిషను నా గదిని ఉడకబెడుతుంది. నువ్వొచ్చి ఏసీ పెట్టి చల్లారుస్తావు. నేనేమన్నా పాలగిన్నెనా?"

"ఆరు!" అని అరిచింది మరదలు, చేతులు లెక్కపెట్టి.

"అరవకండి, ఎండొస్తే అవే ఆరతాయి," అన్నాడు పళ్ళ డాక్టరు. సెక్రటరీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

మర్నాడు తడి బట్టల బకెట్టుతో మేడెక్కాను. మొదటి తాడు నిండా సెక్రటరీ ఇంటి దుప్పట్లే. వాళ్ళమ్మ నీడలో కుర్చీ వేయించుకుని కొడుకుని పురమాయిస్తోంది. రెండో తాడు మీద డాక్టరు తెల్లకోట్లు, మూడో దాని మీద కొత్త దంపతుల బట్టలు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగాను. ఒక్క చొక్కాకీ చోటు లేదు. బకెట్టు దించి అలాగే చూస్తూ నిలబడిపోయాను.

"పళ్ళికిలించింది చాలు బావా," అంటూ వచ్చిన మరదలు తన తడి దుప్పటి తెచ్చి నా భుజాల మీద పడేసింది. "నాలుగో తాడు కట్టు. అందాకా నువ్వే తాడువి."