గొట్టం మైల

సీతాలు సంచిలో చీరలు పెట్టింది. దువ్వెన పెట్టింది. గడప దగ్గర కూర్చున్న సోమలమ్మ నోట్లో చుట్ట ఆరిపోయినా తియ్యకుండా కోడలి చేతులే చూస్తోంది. నాతవరంలో తమ్ముడి పెళ్లి, అయిపోగానే వచ్చేస్తానంది. మరి రోహిణీకార్తె ఎండల్లో ఆ ఉన్ని శాలువా ఎందుకు మడత పెడుతున్నట్టు?

సోమలమ్మ కొడుకు లోవరాజు అంతకు రెండేళ్ల ముందు చెరకు ట్రాక్టరు మీద మోకు బిగిస్తూ జారి పడ్డాడు. నడుం విరిగింది. కాళ్లతోపాటు ఉచ్చ మీద కూడా వశం పోయింది. నిండినా తెలియదు, కారినా తెలియదు. విశాఖ పెద్దాసుపత్రిలో నర్సమ్మ సీతాలుకి నేర్పింది. నాలుగ్గంటలకోసారి సన్న గొట్టం పెట్టి తియ్యాలి, నీళ్లు బాగా తాగించాలి, ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు అంది.

నర్సమ్మకి చాలు. సోమలమ్మకి చాలలేదు. వంటింటి మూలన పైడితల్లి అమ్మవారి ఘటం ఉంది. ఉచ్చ ముట్టుకున్న మనిషి తలకి పోసుకోకుండా ఆ గడప దాటకూడదు. అది ఆ ఇంట్లో అత్తల నాటి నుంచీ ఉన్న కట్టుబాటు. గొట్టం పెట్టిన ప్రతిసారీ సీతాలు నూతి దగ్గరికి నడిచింది. మాఘమాసం చలిలోనూ నడిచింది. ఇరుగుపొరుగు సోమలమ్మ నిష్ఠని మెచ్చుకున్నారు.

చైత్రంలో లోవరాజుకి వణుకుతో జ్వరం వచ్చింది. ఉచ్చ చిక్కగా, కంపుగా దిగింది. నర్సీపట్నం ఆసుపత్రిలో డాక్టరు గారు చీము మూత్రపిండాల దాకా ఎక్కిందన్నారు, నీళ్లు తాగించడం లేదా అని అడిగారు. సోమలమ్మ వార్డులో అందరి ముందూ కోడల్ని దులిపేసింది. పని తప్పించుకోడానికి మొగుడి గొంతు ఎండగట్టిందంది. సీతాలు గ్లాసులో నీళ్లు పోసి మొగుడికి అందించింది. అసలు సంగతి లోవరాజు ఆ రోజు బయటపెట్టలేదు.

ఇంటికొచ్చాక, సీతాలు నూతి దగ్గర ఉండగా చెప్పాడు.

"దాని తప్పేటీ లేదమ్మా. అదిచ్చిన నీళ్లు నానే కిటికీలోంచి పారబోసీవోణ్ని. తాగితే గొట్టం. గొట్టమెడితే దానికి తానం. దాని జుత్తు ఆరిన రోజుందేటి?"

సోమలమ్మ విన్నది. విని కూడా కోడలితో ఇక స్నానం మానెయ్యమని అనలేకపోయింది. తన నోటితో పెట్టిన కట్టు తన నోటితో ఎలా విప్పడం? అమ్మవారి గుడిలో పూజ చేసే దాసుణ్ణి అడగాలనుకుంది. మంచిరోజు చూసి వెళ్దామనుకుంది. అంతలో పెళ్లి శుభలేఖ వచ్చింది.

ఇప్పుడా శాలువా సంచిలోకి వెళ్లిపోతుంటే సోమలమ్మ నోట్లో చుట్ట తీసేసింది.

"ఓలే సీతాలూ, బేగి వచ్చీ. ఇకమీదట తలకి తానం ఒద్దులే. సేతులు కడుక్కుంటే సాలు."

సీతాలు సంచి మూతి ముడేసింది. "సబ్బు అరుగు మీదెట్టాను అత్తా. సేతులు కడుక్కుని నువ్వే పెట్టు. నిన్న సూపించాను కదా. బయపడకు, నీ కొడుక్కి నొప్పి తెలీదు."

లోపలికెళ్లి మొగుడి మంచం పక్కన కాసేపు నిలబడింది. వాళ్లేం మాట్లాడుకున్నదీ సోమలమ్మకి వినపడలేదు. ఆటో వచ్చింది, ఎక్కింది.

సాయంత్రం సోమలమ్మ గొట్టం తీసుకుంది. ముప్పై ఏళ్లు దాటిన కొడుకు మోచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని గోడ వైపు తల తిప్పుకున్నాడు. రెండోసారికి గాని పళ్లెంలోకి ధార పడలేదు. చేతులు కడుక్కుంది. నూతి దాకా వెళ్లి తోడుకునే ఓపిక ఆ నడుములో లేదు. కొడుకు పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఆవిడ తిన్నగా వంటింట్లోకెళ్లి పొయ్యి ముట్టించింది. ఘటం వైపు చూడలేదు.

పెళ్లి అయిపోయింది. నాతవరం కబురంపితే సీతాలుకి ఒంట్లో బాగోలేదన్నారు. మళ్లీ అంపితే ఆ మాట కూడా రాలేదు.

సీతాలు వెళ్లింది తొంభై ఎనిమిది జ్యేష్ఠంలో. ఆ ఇంటికి మళ్లీ రాలేదు. రెండువేల మూడులో లోవరాజు పోయిన రోజునా రాలేదు.