దాసయ్య ప్యాంట్లు

దాసయ్య నడుము నలభై రెండు నుంచి ముప్పై ఆరుకు దిగిందని చిక్కడపల్లిలో అందరికంటే ముందు తెలిసింది నాకే. కొలిచింది నా టేపే కదా.

నేను దర్జీని. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి కుట్టుమిషన్ మీదే ఉన్నాను. దాసయ్య నారాయణగూడలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఇద్దరికీ యాభై మూడేళ్ళు. ఇరవై ఏళ్ళుగా సాయంత్రమైతే నా కొట్టు ముందు ఒకే పొట్లంలో మిర్చీ బజ్జీలు తిన్నవాళ్ళం. పొట్టలు కూడా జతగానే పెరిగాయి. నా ప్యాంటు బిగిసినప్పుడల్లా వెనక కుట్టు విప్పి వదులు చేసుకునేవాణ్ణి. అందుకే లావయ్యానని నాకు ప్యాంటు ఎప్పుడూ చెప్పలేదు. డాక్టరు చెప్పాడు, షుగరు అంచు మీద ఉంది, పది కిలోలు తగ్గమని. అదే డాక్టరు అదే మాట దాసయ్యకూ చెప్పాడు. వాడు విన్నాడు.

ఆరు నెలలకు నాలుగు ప్యాంట్లు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అరే రాఘవేందర్, ఇవి జర టైట్ చెయ్. నడుస్తుంటే జారుతున్నయి, పరేషాన్ అయితున్న."

"ఏం మందు మింగినవ్ రా?"

"మందేం లేదు. అన్నీ తింటున్న, సగం తింటున్న. రాత్రి ఏడింటికే రెండు జొన్నరొట్టెలు, ఇంత కూర. పొద్దుగాల పార్కు దాంక నడక. నువ్వు గూడ రారాదు?"

నా భార్య వీణ అప్పుడే అన్నం క్యారియరు తెచ్చింది. వాణ్ణి కిందికీ మీదికీ చూసింది.

"దాసన్న పెండ్లికొడుకు లెక్క అయిండు. నువ్వూ ఉన్నవ్, దర్జీ పెండ్లాన్నయి గూడ నీ అంగీకి తెగిన గుండీలు రోజూ నేనే కుట్టాలె."

నన్ను ఆవిడ పెళ్ళినాడు కూడా పెళ్ళికొడుకులా ఉన్నావనలేదు.

ఆ మధ్యాహ్నం ముప్పై ఆరు మీద గీసిన సుద్దగీత చెరిపేశాను. నాలుగు ప్యాంట్లనూ ముప్పై నాలుగున్నరకు కుట్టాను. మళ్ళీ లావవుతున్నానని వాడు నీరుగారిపోవాలి, ఇంక ఈ తిప్పలెందుకని నా పక్కన వచ్చి కూర్చోవాలి. నాకు కావలసింది అంతే.

మూడో రోజు వచ్చాడు. ముఖంలో కళ లేదు.

"గుండీ పడుతలేదు రా. మల్ల కొలువు."

టేపు కింద నా వేళ్ళు రెండు దూర్చి కొలిచాను.

"ముప్పై ఏడున్నర. వయసు మీద పడ్డంక ఒళ్ళు గట్లనే తిరిగొస్తది, ఏం చేస్తం."

వాడింట్లో తూకం మిషన్ లేదు. నా టేపునే నమ్మాడు. కానీ నా పక్కన వచ్చి కూర్చోలేదు. పదిహేను రోజులు కొట్టు వైపే రాలేదు. ఆఖరికి, నారాయణగూడ చౌరస్తాలో బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయాడని తెలిసింది. వాళ్ళింటికి పరుగెత్తాను.

వాడు మంచం మీద ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. వాడి భార్య లక్ష్మవ్వ నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"రాత్రి మెతుకు ముడుతలేడన్నా. పొద్దుగాల చాయ్, పగటికి ఒక్క రొట్టె. ప్యాంటు పట్టేదాంక గింతే అంటడు. నువ్వన్న చెప్పు."

చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. వాడు ఆ రాత్రి కూడా తినడు.

"నువ్వు లావు కాలేదు రా" అన్నాను. "ప్యాంట్లు నేనే కావాలని ఎక్కువ టైట్ చేసిన. టేపు కింద వేళ్ళు గూడ పెట్టిన."

"ఎందుకు?"

"ఓర్వలేక."

వాడు భార్య వైపు తిరిగాడు.

"రొట్టెలు చెయ్యి. రెండు."

ఆవిడకు నా మాటలు సగమే అర్థమైనట్టున్నాయి. "నీకు గూడ చెయ్యనా అన్నా?" అని నన్ను అడిగింది.

"వాడు పోతడు" అన్నాడు దాసయ్య.

దండెం మీద ఆ నాలుగు ప్యాంట్లూ ఉన్నాయి. సరిచేసి తెస్తానని తీయబోయాను.

"అక్కడ పెట్టు. అశోక్‌నగర్‌ల ఇంకొకడున్నడు."

పెట్టేసి వచ్చాను. ఆ దర్జీ ఎవడో, వాడి కొట్టు ముందు దాసయ్య ఎంతసేపు కూర్చుని కబుర్లు చెబుతాడో, నాలుగు రోజులుగా నాకు అదే ధ్యాస.